సరి, బేసి

లా పాస్ నుంచి నాలుగు గంటలు.
చివరి గంట దారి కాదు, ఎండిన ఏటి కడుపు.
ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.
లోపల ఖాళీ గాజు గొట్టాలు
నిద్రలో పళ్లు కొరుకుతున్నట్టు.

దోన్యా ఎదువీహెస్ గేటు దగ్గరే ఆపేస్తుంది.
"బూట్లు" అంటుంది. పలకరింపు తర్వాత.
సున్నం నీళ్ల తొట్టిలో నేనూ, డ్రైవర్ లాసారో
తప్పు చేసిన పిల్లల్లా నిలబడతాం.
నా ముఖం ఆమెకు తెలుసు.
మా ఇంజను చప్పుడు మాత్రం
ఆమె ఒంటికి ఇంకా పరాయిదే.

మేకలు ఈనిన వారమంతా ఇక్కడే పడుకున్నాను,
కొండవాలు దొడ్డిలో, మేక వాసన కప్పుకుని.
ముప్పై ఎనిమిది పిల్లలు.
చెవులకు నంబరు బిళ్లలు గుచ్చింది నేనే.
బేసి సంఖ్యలకు జున్నుపాలలో
చిటికెడు ఈస్టు పొట్టు,
సరి సంఖ్యలకు ఉత్త జున్నుపాలు.
సరి అంటే సరైనదని కాదు,
తూకానికి అవతల ఒక రాయి కావాలి, అంతే
అని ఆమెకు చెప్పాను.
"ఆ రాయికి తల్లి ఉందిగా" అంది.

ఈస్టు ఏ జబ్బుకీ మందు కాదు.
మరెందుకు, అంటే
చెప్పడానికి మా భాషలోనే నాకు మాటలు చాలలేదు.
రక్తంలో కొన్ని కాపలా కణాలుంటాయి, దోన్యా,
దొంగ పేరు అడగవు, ఊరు అడగవు,
ఎవడొచ్చినా ఒకేలా మీదపడతాయి.
పొద్దున్నకల్లా అన్నీ మర్చిపోతాయని చదువుకున్నాం.
మర్చిపోవు.
ఒకసారి ఉలిక్కిపడ్డ కణం
ఉండచుట్టి దాచుకున్న తన పొడుగాటి రాతలో
అక్కడక్కడా పేజీ మూల మడిచి పెట్టుకుంటుంది,
ఈసారి కత్తి కోసం వెతుక్కోకుండా.
మూలుగలో పుట్టబోయే చెల్లెళ్లకూ
ఆ మడత అందుతుంది. కొన్నాళ్లు.

చీజు బట్ట పిండుతూ విన్నది.
"పాము కరిచిన కాలు తాడును చూసినా ఎగురుతుంది.
కాలికి పాము పేరెందుకు?"
తర్వాత, బట్ట ఆరేస్తూ,
"పదకొండేళ్ల కిందట
కడుపులు జారే జబ్బని కాగితం తెచ్చారు.
అరవై మూడు మేకలు తెల్ల లారీ ఎక్కాయి.
ఆ జబ్బు పేరుకి నాకిప్పుడు నోరు తిరగదు.
లారీ గేరు మార్చిన చప్పుడు..."
వాక్యం అక్కడే వదిలేసి
నా బూట్లకేసి చూసింది.

ఫిబ్రవరిలో ఎకిపాతాలు పడ్డాయి,
ఇక్కడి చలికాలపు సన్నవాన.
మూడు రోజులు దొడ్డి ఆరలేదు.
నాలుగోనాడు పారుడు మొదలైంది.
నేను చేరేసరికి పదకొండు పోయాయి.
ఎనిమిది సరి, మూడు బేసి.
ప్రయోగశాలలో ఈ అంకెలకు ముఖాలు వెలుగుతాయి.
నా ముఖం కూడా, ఒక్క క్షణం. దాచలేను.
పన్నెండో నంబరు, ఎడమ చెవి తెల్లది,
నా బూటు తాళ్లు నమిలేది,
గోనెపట్టా కింద ఉంది.
ఆ మూడు బేసి పిల్లలు ఎందుకు పోయాయో తెలీదు.
తెలీదనే రాసుకున్నాను.

సూది తీస్తుంటే వెనక నిలబడింది.
"నాలుగోదానికీ, ఇరవయ్యోదానికీ నేనూ పెట్టాను.
నీ డబ్బాలోది ముట్టుకోలేదు.
నా రొట్టెపిండిది."
కోపం రావాలి నాకు. ఎనిమిది నెలల లెక్క.
"బతికాయా?"
"ఒకటి."

నాలుగో నంబరు మెడ నిమిరి
రక్తం తీశాను. ఒక్కసారి తన్నింది, గట్టిగా,
బతికిన వాటికే ఉండే బలంతో.
గొట్టం మీద ఏ గుంపని రాయాలో తోచలేదు.
కలం మూత పెట్టాను, తీశాను.
చివరికి నాలుగు అని రాశాను, అంతే.
ఐసు పెట్టె తెరిచే ఉంది.
గాజులో ఆ వెచ్చదనం చల్లారేదాకా
చేతిలోనే పట్టుకున్నాను.